క్లోరైడ్ చానెల్‌లో వోల్టేజ్ సెన్సరే లేదు, మరి వోల్టేజ్‌కు ఎలా తెరుచుకుంటుంది?

అనంత_బయోకెమ్:
అనంతపురంలో ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ చదువుతున్నా, వచ్చే వారం నా సెమినార్. పొటాషియం చానెల్ సంగతి అర్థమైంది. ఎస్4 అనే హెలిక్స్ (ప్రొటీన్‌లో మెలితిరిగిన ముక్క) మీద ధనావేశం ఉన్న ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లాలు ఉంటాయి, మెంబ్రేన్ వోల్టేజ్ మారితే ఆ హెలిక్స్ కదులుతుంది, దానితో లోపలివైపు గేటు తెరుచుకుంటుంది. సీఎల్‌సీ అనే క్లోరైడ్ చానెళ్ల కుటుంబంలో ఎస్4 లాంటిదేమీ లేదు. అయినా సీఎల్‌సీ-0, సీఎల్‌సీ-1 వోల్టేజ్‌ను బట్టి తెరుచుకుంటాయని అన్ని పుస్తకాల్లోనూ ఉంది. పోనీ స్ట్రక్చర్లు పక్కపక్కన పెట్టి చూద్దామంటే మూసినదానికీ తెరిచినదానికీ తేడానే కనపడటం లేదు. పైగా ఫాస్ట్ గేట్, స్లో గేట్ అని రెండెందుకు? మా మేడమ్ అడిగేది కచ్చితంగా ఇదే, టెన్షన్‌గా ఉంది.

పెన్నా_ఒడ్డు (కడప):
తేడా కనపడటం లేదన్నారు చూడండి, సెమినార్ అక్కడే మొదలుపెట్టండి. 2002లో మాకినన్ ల్యాబ్ నుంచి ఈ.కోలై, సాల్మొనెల్లా సీఎల్‌సీ ప్రొటీన్ల క్రిస్టల్ స్ట్రక్చర్లు వచ్చాయి. పొటాషియం చానెల్‌లో నాలుగు సబ్‌యూనిట్ల నడుమ ఒకటే దారి. ఇక్కడ రెండు సబ్‌యూనిట్లు, దేని దారి దానిదే. ఆ దారిలో బయటివైపు, 148వ స్థానంలో ఉన్న గ్లూటమేట్ అనే అమైనో ఆమ్లపు సైడ్ చెయిన్ అడ్డంగా కూర్చుని ఉంది. 2003లో దాన్ని అలనీన్‌గా, గ్లూటమీన్‌గా మార్చి చూస్తే అది ఖాళీ చేసిన చోట ఒక క్లోరైడ్ అయాన్ కనపడింది, మిగతా ప్రొటీన్ దాదాపు ఉన్నచోటే ఉంది. సీఎల్‌సీ-0లో అదే గ్లూటమేట్ 166వ స్థానంలో ఉంటుంది. దాని ఆవేశం తీసేస్తే ఫాస్ట్ గేట్ ఇక మూసుకోదు.

ఇక వోల్టేజ్. గ్లూటమేట్‌ది రుణావేశం, క్లోరైడ్‌దీ రుణావేశమే, రెండూ ఒకే చోటు కోసం పోటీ. ఆర్టీసీ బస్సులో సీటు మీద తువ్వాలు వేసినట్టు గ్లూటమేట్ చోటు పట్టుకుని ఉంటుంది, బయటి నుంచి తోపులాట ఎక్కువైతే తువ్వాలు పక్కకు పోతుంది. కణం డిపోలరైజ్ అయితే లోపలివైపు ధనంగా మారుతుంది కదా, అప్పుడు బయటి క్లోరైడ్ దారిలోకి లాగబడుతుంది. అంటే వోల్టేజ్‌ను పసిగట్టే పనిలో పెద్ద భాగం దాటిపోయే అయాన్‌దే. రుజువు కావాలంటే బయట క్లోరైడ్ తగ్గించి చేసిన ప్రయోగాలు చూడండి, తెరుచుకునే కర్వ్ మొత్తం ధన వోల్టేజ్ వైపు జరుగుతుంది. ఆ గ్లూటమేట్‌కు ప్రోటాన్ అంటుకున్నా తెరుచుకోవడం సులువవుతుంది, అందుకే పీహెచ్ ప్రభావం కూడా ఉంటుంది.

లోలకం77:
పై జవాబు బాగుంది గానీ ఒక మెలిక ఉంది. ఆ ఈ.కోలై ప్రొటీన్ అసలు చానెలే కాదు. రెండు క్లోరైడ్‌లు ఒకవైపు వెళ్తే ఒక ప్రోటాన్ ఎదురువైపు వెళ్లే ఎక్స్‌చేంజర్ అని 2004లో అకార్డి, మిల్లర్ చూపించారు. చానెల్ బొమ్మ అని ఆ స్లైడ్ వేసి ఊరుకుంటే తెలిసినవాళ్లు పట్టేస్తారు. నిజమైన చానెళ్ల స్ట్రక్చర్లు క్రయో-ఈఎమ్‌తో (గడ్డకట్టించిన ప్రొటీన్‌ను ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో చూసే పద్ధతి) తర్వాత వచ్చాయి, 2017లో మూత్రపిండంలో ఉండే సీఎల్‌సీ-కే, 2018లో కండరంలోని సీఎల్‌సీ-1. సీఎల్‌సీ-కేలో గేటు గ్లూటమేట్ ఉండాల్సిన చోట వాలీన్ ఉంది, లోపలివైపు ఇరుకు దగ్గర సెరీన్ ఉన్న లూప్ కూడా పక్కకు తిరిగి ఉంది. ఎక్స్‌చేంజర్‌కూ చానెల్‌కూ తేడా ఇంత చిన్నదంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

కొండారెడ్డి_బురుజు (కర్నూలు):
స్లో గేట్ సంగతి ఎవరూ ముట్టుకోలేదు కాబట్టి నేను చెప్తా, ఫిజియాలజీ పాఠాలు చెప్పేవాణ్ణి. స్ట్రక్చర్ రాకముందే, 1980ల మొదట్లోనే, టార్పెడో అనే కరెంటు చేప చానెల్‌ను, అంటే సీఎల్‌సీ-0ను, రికార్డ్ చేసి మిల్లర్ ఇది రెండు గొట్టాల చానెల్ అన్నాడు. కరెంటు సున్నా, ఒకటి, రెండు అని సమానమైన మెట్లుగా కనపడుతుంది. ఒక్కో గొట్టం విడిగా తెరుచుకోవడం, మూసుకోవడం ఫాస్ట్ గేట్. అప్పుడప్పుడు రెండూ కలిసి చాలాసేపు మూసుకుంటాయి, అది స్లో గేట్. దీనికి ఒక్క సైడ్ చెయిన్ కదిలితే చాలదు, రెండు సబ్‌యూనిట్లు కలిసే చోటు, కణం లోపలికి వేలాడే సీబీఎస్ డొమైన్లు కూడా ఇందులో పాల్గొంటాయి.

ఇది పట్టుకుంటే మయోటోనియా కంజెనిటా అనే వంశపారంపర్య కండరాల జబ్బు దానంతటదే అర్థమవుతుంది. విశ్రాంతిలో ఉన్న కండర పొర వాహకతలో చాలా భాగం సీఎల్‌సీ-1దే. అది తగ్గితే కండరం బిగుసుకున్నాక వెంటనే వదలదు, పిడికిలి బిగిస్తే విప్పడానికి టైం పడుతుంది, నాలుగైదు సార్లు చేస్తే సడలుతుంది. మ్యుటేషన్ ఒక సబ్‌యూనిట్ ఫాస్ట్ గేట్‌ను మాత్రమే చెడగొడితే పక్క గొట్టం పని చేస్తూనే ఉంటుంది. ఉమ్మడి గేట్‌ను చెడగొడితే మాత్రం మంచి సబ్‌యూనిట్ కూడా దానితోపాటే మూతపడుతుంది, తల్లిదండ్రుల్లో ఒక్కరి నుంచి వచ్చినా జబ్బు కనపడేది అందుకే. 1876లో థామ్సెన్ అనే డాక్టరు తనలో, తన కుటుంబంలో చూసి రాసింది ఈ రకమే. ఇదే జబ్బులో బెకర్ అనే ఇంకో రకానికి జన్యువు రెండు కాపీలూ చెడాలి. మనవైపు మేనరికాలు ఉన్నాయి కాబట్టి క్లినిక్‌లో ఆ రకాన్ని మర్చిపోకూడదు.

అనంత_బయోకెమ్:
చాలా థ్యాంక్స్ అందరికీ. కర్నూలు సార్, చివరిగా ఒకటి, సిస్టిక్ ఫైబ్రోసిస్ జబ్బులో చెడే సీఎఫ్‌టీఆర్ కూడా క్లోరైడ్ చానెలే కదా, అక్కడా గ్లూటమేట్ గేటేనా?

కొండారెడ్డి_బురుజు (కర్నూలు):
కాదమ్మా, అది వేరే వంశం, ఏటీపీ వాడుకుని పదార్థాలను పొర దాటించే ఏబీసీ ట్రాన్స్‌పోర్టర్లది. ముందు దానిలోని ఆర్ డొమైన్ అనే భాగానికి ఫాస్ఫేట్లు అంటాలి, తర్వాత ఏటీపీ వచ్చి లోపలి రెండు డొమైన్లను దగ్గరికి చేరిస్తే తెరుచుకుంటుంది, ఆ ఏటీపీ విరిగితే మూసుకుంటుంది. సెమినార్‌కు దాన్ని ఒక్క స్లైడ్‌తో సరిపెట్టు, లేకపోతే గంటలో అవ్వదు.