డిస్ట్రిబ్యూటర్ మానేస్తే పాత వారంటీ ఎవరు చూస్తారు?

నమస్కారం అండీ. అనంతపురం కమలానగర్‌లో మాది చిన్న కంప్యూటర్ షాపు. పదకొండేళ్లుగా ఒకే డిస్ట్రిబ్యూటర్ దగ్గర సరుకు తెచ్చుకున్నాం. పొద్దున ఫోన్ చేస్తే మధ్యాహ్నానికి ఆటోలో ప్రింటరు దిగేది. డబ్బులు నెల తర్వాత ఇచ్చినా ఏమీ అనేవారు కాదు. మాలాంటి షాపులు నిలబడింది ఆ అరువు మీదే. మొన్న ఉగాదికి ఆయన వ్యాపారం మానేశారు.

ఇప్పుడు బెంగళూరు నుంచి తెప్పిస్తున్నా. అక్కడ డబ్బు ముందే కట్టాలి. వేరే రాష్ట్రం సరుకు కాబట్టి 18 శాతం ఐజీఎస్టీ (రాష్ట్రాల మధ్య అమ్మకాల మీద వేసే జీఎస్టీ) పడుతుంది గానీ, అది ఇక్కడి పన్నులో సర్దుకుంటుంది, దాంతో ఇబ్బంది లేదు.

ఇబ్బందంతా పాత సరుకుతోనే. కళ్యాణదుర్గం దగ్గర ఒక బడికి ఆరు యూపీఎస్‌లు ఇచ్చాను. నాలుగింటిలో బ్యాటరీలు ఉబ్బిపోయాయి, విప్పితే మళ్లీ మూత పట్టడం లేదు. కరెంటు పోయిన ప్రతిసారీ పిల్లలు టైపు చేసిందంతా పోతోంది. హెడ్‌మాస్టరు గారు నన్ను నమ్మి కొన్నారు, ఆయనకు మొహం చూపించలేకపోతున్నా. వారంటీ ఇంకా ఏడు నెలలుంది. కంపెనీకి ఫోన్ చేస్తే ‘కొన్నచోటే అడగండి’ అంటున్నారు.

సీరియల్ నంబర్లు, నా కొనుగోలు బిల్లులు అన్నీ ఉన్నాయి. వీటితో కంపెనీ దగ్గరే నేరుగా మార్పించుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా? కర్నూలు, కడప షాపులవాళ్లు ఇలాంటప్పుడు ఏం చేస్తున్నారు? దయచేసి చెప్పండి.