కథలో పిల్ల జబ్బు మా పిల్లకి ఇంటిపేరైపోతుందా?

పర్లాకిమిడి అమ్మ
మా అమ్మాయి ప్లస్ టూ మొదటి సంవత్సరం. జాన్ గ్రీన్ రాసిన ‘టర్టిల్స్ ఆల్ ది వే డౌన్’ (2017) నవల వారం రోజులుగా దాని దిండు కిందే ఉంటోంది. అందులో ఏజా అనే పిల్లకి ఓసీడీ, అంటే వద్దన్నా అవే ఆలోచనలు, అవే పనులు మళ్లీ మళ్లీ పట్టి పీడించే మానసిక జబ్బు. ఒంట్లోకి క్రిములు చేరాయేమోనని భయం. వేలి మీద కాయ కాసిన చోట బొటనవేలి గోరుతో గిల్లుతుంది, రక్తం వస్తే బ్యాండెయిడ్ వేస్తుంది, మళ్లీ విప్పి గిల్లుతుంది. మొన్న మాది "అమ్మా, నేనూ ఇంతే" అంది. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. పుస్తకం దాచెయ్యనా, చదవనివ్వనా?

రాయగడ మాస్టారు
దాచెయ్యమని అనను గానీ, అమ్మా, నాకు భయమే. ‘నేనెవరిని’ అని వెతుక్కునే వయసది. మన ఆంధ్రా-ఒడిశా సరిహద్దు పిల్లలకి ఇంకా కష్టం. ఇక్కడ బళ్లో తెలెంగా (తెలుగు) పిల్ల, ఆంధ్రా వైపు పాతపట్నంలో చుట్టాలింటికెళ్తే ఒరిస్సా పిల్ల. ఎటూ కానిదానికి ఒక రోగం పేరు దొరికితే దాన్నే ఇంటిపేరు చేసుకుంటుంది. కథలకి ఆ బలం ఉంది. ‘థర్టీన్ రీజన్స్ వై’ సిరీస్‌లో ఆత్మహత్య దృశ్యాన్ని 2019లో నెట్‌ఫ్లిక్స్ వాళ్లే వైద్య నిపుణుల సలహాతో తీసేశారు కదా!

బరంపురం తమ్ముడు
మాస్టారూ, ఆ సిరీస్ సంగతి నిజమే. అక్కడ తప్పు చావుని చూపించిన తీరులో ఉంది. జబ్బుకి పేరు పెడితే ఏమవుతుందో నాకు తెలుసు, అనుభవించాను కాబట్టి చెప్తున్నాను.

పదిహేనేళ్లప్పుడు గేటు గడియ పడిందో లేదోనని రాత్రి పదిసార్లు లేచేవాణ్ణి. చూడకపోతే అమ్మ చచ్చిపోతుందని మనసులో ఒకటే పోరు. అలాంటి ఆలోచన వచ్చిందంటే నేను అదే కోరుకుంటున్నానేమో, నేనంత చెడ్డవాణ్ణేమో అని ఇంకో పోరు. ఎవరితో చెప్పుకోను? ఇంట్లో గాలి సోకిందని తాయెత్తు కట్టారు. నాకు తెలిసినవి రెండే మాటలు, తెలుగులో పిచ్చి, ఒడియాలో పాగళ. రెండూ తిట్లే. వాడుక భాష కోసం గిడుగు రామమూర్తి గారు పోరాడింది పర్లాకిమిడి నుంచే. ఈ బాధకి మాత్రం మన ఇళ్లల్లో ఇప్పటికీ వాడుక మాట లేదు.

పంతొమ్మిదో ఏట డాక్టరు ఓసీడీ అన్నప్పుడు అక్కడే ఏడ్చేశాను. ఆ ఆలోచన వేరు, నేను వేరు అని మొదటిసారి తెలిసింది. ఆ పేరు నాకు ఇంటిపేరు కాలేదు మాస్టారూ, జబ్బుకీ నాకూ మధ్య కాస్త ఎడం ఇచ్చింది. ఏజా కూడా ‘ఈ ఆలోచనలు నావేనా, నన్నెవరో రాస్తున్నారా’ అనే కొట్టుకుంటుంది. చివరికి ఆమె జబ్బు మాయమైపోదు. తనకీ ఓసీడీ ఉందని రచయితే చెప్పుకున్నాడు. అందుకే ఆ కథని నమ్మాను. అక్కా, దాచొద్దు. మీరూ చదవండి.

జయపురం నర్సక్క
‘నేనూ ఇంతే’ అన్నంత మాత్రాన జబ్బు ఉన్నట్టు కాదు, లేనట్టూ కాదు. రోజులో ఎంతసేపు దానికే పోతోంది, నిద్ర, చదువు దెబ్బతింటున్నాయా చూడండి. ఓసీడీకి మందులున్నాయి. చెయ్యి కడుక్కోకుండా ఆ భయంతో కాసేపు ఉండగలగడం మెల్లమెల్లగా అలవాటు చేసే చికిత్సా ఉంది. అడిగినప్పుడల్లా "ఏం కాదులే" అని ధైర్యం చెప్పకండి, ఆ భయానికి అదే మేత. ముందు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చెయ్యండి. డబ్బులక్కర్లేదు, తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడొచ్చు. బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది.

రాయగడ మాస్టారు
తమ్ముడూ, తాయెత్తు మాట చదివి చాలాసేపు ఊరుకుండిపోయాను. నా బళ్లోనూ అలాంటి పిల్లలు కూర్చునే ఉంటారు. అయినా పుస్తకం చేతికిచ్చి పిల్లని ఒంటరిగా వదలొద్దన్న మాట మీద నేనింకా ఉన్నాను.

పర్లాకిమిడి అమ్మ
సగం చదివాను. నిన్న రాత్రి పక్కన కూర్చుని చేతులు చూపించమన్నాను. వేళ్ల కణుపుల దగ్గర చర్మం పగిలిపోయి, పగుళ్లలో సబ్బు తెల్లగా ఎండిపోయి ఉంది. చలికి పగిలాయనుకుని రెండు నెలలుగా కొబ్బరినూనె రాస్తున్నాను నేను. సోమవారం బరంపురం వెళ్తున్నాం. పుస్తకం తెచ్చుకోనా అని అడిగింది. సంచిలో పెట్టుకోమన్నాను.