ఆస్టరాయిడ్స్ పాత ఆర్కేడ్ మెషీన్: 5 వోల్టులు గేమ్ బోర్డు దాకా సరిగా రావట్లేదు

డాలస్‌లో ఒకరింట్లో పాత సామాన్లు అమ్ముతుంటే 1979 నాటి అటారీ ఆస్టరాయిడ్స్ మెషీన్ కొన్నాను. ఆన్ చేస్తే పైన ట్యూబ్‌లైట్ వెలుగుతుంది, గేమ్ మాత్రం మొదలైన కాసేపటికే రీసెట్ అవుతోంది. అప్పుడు మానిటర్ వెనక స్పాట్ కిల్లర్ (బొమ్మ గీసే కిరణం కదలకుండా ఆగితే తెర కాలిపోకుండా దాన్ని ఆపేసే సర్క్యూట్) ఎర్ర లైటు వస్తోంది.

ఫ్యూజులన్నీ తీసి మీటర్‌తో చూశాను, బాగానే ఉన్నాయి. వోల్టేజ్‌ని నిలకడగా ఉంచే రెగ్యులేటర్ బోర్డు మీద 5.1 వోల్టులు ఉంది, గేమ్ బోర్డులో చిప్‌ల దగ్గర 4.6 మాత్రమే. ఆ అర వోల్టు ఎక్కడ పోతోంది? గేమ్ బోర్డు అంచుకి వైర్లను తగిలించే ఎడ్జ్ కనెక్టర్‌లో 5 వోల్టుల పిన్నుల చుట్టూ ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగి, గోటితో గీకితే పొడిగా రాలుతోంది. నా అనుమానం దానిమీదే. అడిగినవాళ్లంతా ముందు కింద ఉన్న పెద్ద నీలం కెపాసిటర్ మార్చెయ్యమంటున్నారు. అది రెగ్యులేటర్‌కి ముందే ఉంటుంది, తప్పు దానిదే అయితే రెగ్యులేటర్ దగ్గరే తేడా కనిపించాలి కదా!

రెగ్యులేటర్ మీద చిన్న స్క్రూ తిప్పి వోల్టేజ్ పెంచొచ్చు. కానీ సెన్స్ వైరు (గేమ్ బోర్డు దగ్గర ఎంత వోల్టేజ్ ఉందో రెగ్యులేటర్‌కి తెలిపేది) సరిగా తగలకపోతే చిప్‌లు మాడతాయేమోనని టెన్షన్. (పిక్చర్ ట్యూబ్ జోలికి ఎలాగూ పోను.)

కనెక్టర్ పిన్నులు మారిస్తే సరిపోతుందా, సెన్స్ వైర్లు ముందు చూడాలా? వీటిని బాగుచేసిన అనుభవం ఉన్నవాళ్లు కాస్త చెప్పండి.