కంధమాల్ నుంచి వచ్చిన పిల్లకు ఏమని చెప్పాలి?

ప్రశ్న (పాతపట్నం): 2008 ఆగస్టులో విశ్వ హిందూ పరిషత్ నాయకుడు స్వామి లక్ష్మణానంద సరస్వతి హత్య తరువాత, దానితో ఏ సంబంధమూ లేని క్రైస్తవ కుటుంబాలపై ఒడిశాలోని కంధమాల్‌లో దాడులు జరిగినప్పుడు, మా పిన్ని వాళ్లు అడవిలో తలదాచుకుని, తరువాత సహాయ శిబిరానికి చేరారు. మతం మారితేనే ఊళ్లోకి రానిస్తామన్నా ఒప్పుకోలేదు. మా ఇంట్లో ఉండి చదువుకుంటున్న ఆమె మనవరాలు, అన్ని బాధలు పడి ఎందుకు నిలబడ్డారని అడుగుతోంది.

జవాబు (బొబ్బిలి): అమ్మా, ఆ మాట మీ పిన్నిగారినే చెప్పనివ్వండి. అక్కడి నుంచి వచ్చి మా సంఘంలో చేరిన ఒక పెద్దావిడ, అట్ట కాలిపోయిన పాటల పుస్తకంతోనే నేటికీ ఆరాధనకు వస్తారు. భయం పోయిందని ఆమె ఎన్నడూ అనలేదు. భయపడుతూనే కుటుంబ ప్రార్థన మానలేదని మాత్రం చెబుతారు. పిల్లలకు కావలసినది ఆ నిజమే.

జవాబు (టెక్కలి): హక్కు సంగతి కూడా చెప్పండి. మత స్వేచ్ఛను రాజ్యాంగంలోని 25వ అధికరణం ఇచ్చింది. ఆరాధనకు కావాలని ఆటంకం కలిగించడం భారతీయ న్యాయ సంహిత 300వ సెక్షన్ కింద నేరం. క్షమించిన వారు ఫిర్యాదు చేయకూడదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

ప్రశ్న అడిగినవారు: క్రిస్మస్‌కు పిన్ని వస్తోంది. పిల్లను ఆమె దగ్గరే కూర్చోబెడతాను.