అప్‌డేట్: టీఈఐ ఫైళ్లలో ‘పైన’ అని వెతికితే దొరకని సమస్య తీరింది

శతక పద్యాలను, పాఠాలకు ట్యాగులు పెట్టి దాచే పద్ధతైన టీఈఐ ఎక్స్‌ఎంఎల్‌లో పెడుతున్నానని, ‘పైన’, ‘వైపు’ లాంటి మాటలు కంటికి కనిపిస్తున్నా సెర్చ్‌లో సగం ఫైళ్లలో దొరకట్లేదని అడిగాను కదా. సాయం చేసిన అందరికీ థ్యాంక్స్.

యూనికోడ్ నార్మలైజేషన్ (ఒకే అక్షరాన్ని వేరే వేరే కోడ్లతో రాసినా ఒకే రూపంలోకి తేవడం) చూడమన్నవారి మాటే నిజమైంది. ఐత్వానికి 3144 అనే ఒకే కోడ్ ఉంది. ఎత్వం 3142, దాని కింద పెట్టే గుర్తు 3158 విడివిడిగా పెట్టినా తెరమీద అదే ‘పై’ కనిపిస్తుంది. నా పాత ఫైళ్లన్నీ రెండో రకం! ఐత్వం లేని మాటలు మాత్రం ఎప్పుడూ దొరికేవి, అది ముందే గమనించాల్సింది. అన్నిటినీ ఎన్ఎఫ్‌సీలోకి, అంటే ఇలాంటి విడి కోడ్లను ఒకే కోడ్‌గా కలిపే రూపంలోకి, మార్చే చిన్న పైథాన్ స్క్రిప్ట్ రాశాను, దొరికాయి.

ఫాంట్ మార్చడం, పద్యపాదాల ట్యాగులు తిరగరాయడం, భాషా కోడ్ సరిచూడటం, వీటితో సంబంధమే లేదు. రెండు వారాలు వాటి మీదే టెన్షన్ పడ్డాను.

ఇంకో మాట. పొల్లు తర్వాత వచ్చే కనిపించని గుర్తు, అంటే తర్వాతి అక్షరం వత్తుగా కలవకుండా ఆపే జీరో విడ్త్ నాన్ జాయినర్‌ని ఎన్ఎఫ్‌సీ తీసేయదు. దాన్ని మూల ఫైల్లోంచి చెరపకండి, ‘సాఫ్ట్‌వేర్’ కాస్తా ‘సాఫ్ట్వేర్’ అయిపోతుంది. సెర్చ్ ఇండెక్స్‌లోంచి మాత్రమే తీసేస్తే చాలు.