నెలకు వెయ్యి రూపాయలు: సీరమ్‌కా, సన్‌స్క్రీన్‌కా?

మియాపూర్_స్కూటీ:
రోజూ మియాపూర్ నుంచి హైటెక్ సిటీకి స్కూటీ మీద వెళ్తాను. బుగ్గల మీద మంగు మొదలైంది. డాక్టర్ గారు చూసి మంగేనన్నారు, ముందు ఎండ తగ్గించమన్నారు. ముఖం ఖాతాలో నెలకు వెయ్యి మించదు. పోయిన నెల 699 పెట్టి విటమిన్ సి సీరమ్ కొన్నా. మూడు వారాలకే టీ డికాక్షన్ రంగుకు తిరిగింది. సీరమే ముఖ్యం, సన్‌స్క్రీన్ ఏదో ఒకటి చాలని మా రూమ్మేట్ అంటోంది. మీరేమంటారు?

గోదారి_గట్టు:
రూమ్మేట్‌ది తిరకాసు లెక్క. డికాక్షన్ రంగొచ్చిందంటే గాలికీ వెలుతురుకీ మందు పాడైనట్టే, పారేయండి. డబ్బు ముందు సన్‌స్క్రీన్‌కే. పొద్దున సీరమ్ రాసి పదింటికి ఎండలో పడితే మంగు మళ్లీ మొదటికొస్తుంది.

ఇంకోటి, చాలామంది శనగగింజంత రాసి ట్యూబ్ నాలుగు నెలలు వచ్చిందని సంబరపడతారు. ఎస్‌పీఎఫ్ 30 అయితే సుమారు 97 శాతం, 50 అయితే 98 శాతం యూవీబీని (చర్మాన్ని కమిల్చే ఎండ కిరణాల్ని) ఆపుతుందనే లెక్క మందంగా రాసినప్పటిది. పల్చగా రాస్తే 50 కొన్నా 50 ఉండదు. ముఖానికీ మెడకీ రెండు వేళ్ల పొడవునా గీతలు గీసుకోవాలి. మా బాబాయి బంగారం కొట్టు కాటాలో పెట్టి చూశా, నా రెండు వేళ్ల గీతలు 1.1 గ్రాములు తూగాయి. 50 గ్రాముల ట్యూబ్ 45 రోజులు. 450 ట్యూబ్ అయితే రోజుకు పది రూపాయలు.

సున్నిపిండి_సుబ్బి:
మా అమ్మమ్మకు ఎనభై దాటాయి, ముఖం మీద ఒక్క మచ్చ లేదు. జన్మలో ట్యూబ్ ముట్టలేదు. సున్నిపిండి, అంతే. మీరంతా కంపెనీలను పోషిస్తున్నారు.

గోదారి_గట్టు:
సుబ్బి గారూ, మీ అమ్మమ్మ మిట్టమధ్యాహ్నం స్కూటీ నడిపారా? నెత్తి మీద కొంగు లేకుండా గడప దాటారా? ఆ కొంగే ఆవిడ సన్‌స్క్రీన్. ఒంటికి సున్నిపిండి బాగుంటుంది, కాదనను. మంగు మీద మాత్రం దానితో రుద్దితే ఒరుసుకుని ఇంకా నల్లబడే ప్రమాదముంది.

చున్నీ చుట్టుకోండి మియాపూర్ గారూ. కళ్లు తప్ప ఏమీ కనపడకుండా మన అమ్మాయిలు చుట్టుకుంటారే, అలా. పైసా ఖర్చు లేదు.

కడప_కారం:
రెండు గంటలకోసారి మళ్లీ రాయాలంటారుగా, ఆ లెక్క ఎవరూ చెప్పరేం? అలా రాస్తే ట్యూబ్ పదిహేను రోజులు కూడా రాదు. వెయ్యి ఎక్కడికి సరిపోతుంది?

గోదారి_గట్టు:
అది బయట ఎండలో, చెమటలో ఉండేవాళ్ల మాట. ఆవిడ పగలంతా ఆఫీసులో ఏసీ కింద ఉంటారు. కిటికీ పక్క సీటైతే మార్చుకోమనండి. సాయంత్రం ఎలాగూ చున్నీ ఉంది.

మందుల_షాపు_బాధితురాలు:
ఒక్క మాట చెప్పి పోతా. బడ్జెట్ అంటూ నేను డాక్టర్ ఫీజు మిగుల్చుకున్నా. మందుల షాపులో అడిగితే ‘పది రోజుల్లో తెల్లబడతారు’ అని చిన్న ట్యూబ్ చేతిలో పెట్టారు. నిజంగానే తెల్లబడ్డాను. మానేసిన వారానికి ముఖమంతా ఎర్రగా మండిపోయింది, బుగ్గల మీద నూగు పెరిగింది. తర్వాత చూస్తే ట్యూబ్ మీద మొమెటాసోన్ అని ఉంది, స్టెరాయిడ్. ఇలాంటి క్రీములు చీటీ లేకుండా అమ్మకూడదని 2018లోనే షెడ్యూల్ హెచ్‌లో పెట్టారు, అయినా ఇచ్చేస్తున్నారు. బెటామెథాసోన్, క్లోబెటసాల్ అన్న పేర్లు కనపడినా డాక్టర్ చెప్పనిదే ముఖానికి రాయకండి. మిగిల్చింది ఒక్క ఫీజు, పోయింది నాలుగు ఫీజులు.

సీరమ్_సైన్యం:
సీరమ్‌ని మరీ తీసిపారేయకండి. తప్పు విటమిన్ సి ది కాదు, 30 మిల్లీలీటర్లు కొనడానిది. చిన్న సీసా కొని చీకట్లో పెట్టుకుంటే చెడేలోపే అయిపోతుంది. ఇంకా చెప్పాలంటే మంగుకి అజెలాయిక్ ఆమ్లం జెల్ గురించి డాక్టర్‌ని అడగండి. డబ్బా అందంగా ఉండదు, పని చేస్తుంది.

గోదారి గారు ఒకటి వదిలేశారు. మంగు యూవీకే కాదు, కంటికి కనపడే వెలుతురుకి కూడా ముదురుతుంది. మామూలు తెల్ల సన్‌స్క్రీన్ దాన్ని పెద్దగా ఆపదు. ఐరన్ ఆక్సైడ్ ఉన్న రంగు సన్‌స్క్రీన్ కావాలి. ధర కాస్త ఎక్కువే.

గోదారి_గట్టు:
ఒప్పుకుంటున్నా, ఆ ముక్క మర్చిపోయాను. కానీ అదీ సన్‌స్క్రీన్ ఖర్చేగా!

మియాపూర్_స్కూటీ:
సరే, 600 పెట్టి రంగు సన్‌స్క్రీన్ తెచ్చా. నెలన్నర వస్తే నెలకు 400 పడుతుంది. మిగతా 600లో జెల్ సంగతి డాక్టర్ గారిని అడిగి చూస్తా. ఫేస్‌వాష్ ఇంట్లో ఉన్నదే. సీరమ్ సీసా పారేశా, రూమ్మేట్ అలిగింది. ఒక్కటే ఇబ్బంది: రంగంతా తెల్ల చున్నీకి అంటుకుంటోంది. ముదురు రంగువి మా అమ్మ బీరువాలో రెండున్నాయి, ఆదివారం వెళ్లి తెచ్చుకోవాలి.