మూత వేస్తే స్లీపా, హైబర్నేటా?

నీలిదీపం:
బ్యాగులో పెట్టే విండోస్ ల్యాప్‌టాప్‌ని హైబర్నేట్ చెయ్యాల్సిందే అంటాను, అంటే తెరిచిన పనంతా డిస్క్‌లో రాసి పూర్తిగా ఆపెయ్యడం. స్లీప్‌లో అయితే ఆ పని ర్యామ్‌లోనే (తాత్కాలిక మెమరీలో) ఉంటుంది. ఎస్3 అనే పాత రకం స్లీప్‌లో ర్యామ్‌కి తప్ప దాదాపు దేనికీ కరెంటు అందేది కాదు. ఇప్పటి మోడర్న్ స్టాండ్‌బై, అంటే ఎస్0, అలా కాదు. స్క్రీన్ ఆరుతుంది గానీ మెషీన్ ఫోన్‌లాగా మధ్యమధ్యలో లేచి మెయిళ్లు, అప్‌డేట్లు చూసుకుంటుంది. ఏ డ్రైవరో దాన్ని మళ్లీ పడుకోనివ్వకపోతే, గాలి ఆడని బ్యాగులో వేడి ఎటూ పోదు. నిండా ఛార్జ్ ఉన్న లిథియం బ్యాటరీ ఆ వేడిలో గంటల తరబడి ఉంటే తొందరగా ముసలిదైపోతుంది.

పాతకీబోర్డు:
నేనొప్పుకోను. ముందు కొలవండి. 50 వాట్‌అవర్ బ్యాటరీ 8 గంటల్లో 8 శాతం దిగితే ఖర్చు అర వాట్, దానికి కంగారక్కర్లేదు. 40 శాతం దిగితే రెండున్నర వాట్లు, అంటే లోపల ఏదో మేలుకునే ఉంది. అడ్మిన్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి పవర్‌సీఎఫ్‌జీ /స్లీప్‌స్టడీ (powercfg /sleepstudy) కొడితే గత 3 రోజుల రిపోర్టు తయారవుతుంది. ఛార్జ్ బాగా దిగిన సెషన్ తెరిచి, ఎక్కువ శాతం యాక్టివ్‌గా ఉన్నదేమిటో చూడండి. వైఫై కార్డయితే దాని డ్రైవర్ మార్చండి. రోగం అక్కడుంటే స్లీప్‌నే మానెయ్యడం ఎందుకు? పైగా హైబర్నేట్ చేసినప్పుడల్లా ఎస్ఎస్‌డీ (లోపలి డిస్క్) మీద జీబీలకు జీబీలు రాత, దానితో అది అరుగుతుంది.

చల్లగాలి:
ఎస్ఎస్‌డీ గురించి భయం వద్దండీ. 16 జీబీ ర్యామ్ ఉంటే హైబర్నేషన్ ఫైల్ డీఫాల్ట్‌గా అందులో 40 శాతం, 6.4 జీబీ. రోజుకి మూడుసార్లు పూర్తిగా రాసినా ఏడాదికి 7 టీబీ. 300 టీబీ రాతకి హామీ ఉన్న డ్రైవ్‌కి ఆ లెక్కన 40 ఏళ్లు.

పవర్ ఆప్షన్స్‌లో మూతకి రెండు గడులుంటాయి. బ్యాటరీ గడిలో హైబర్నేట్, ఛార్జర్ గడిలో స్లీప్ పెట్టండి. హైబర్నేట్ కనబడకపోతే అడ్మిన్ కమాండ్ ప్రాంప్ట్‌లో పవర్‌సీఎఫ్‌జీ /హైబర్నేట్ ఆన్ (powercfg /hibernate on) కొట్టండి. ఒక్క మెలిక ఉంది: ఛార్జర్ ఉండగా మూత వేసి, తర్వాత వైరు పీకితే అప్పటికే స్లీప్‌లోకి వెళ్లిపోయి ఉంటుంది. కాబట్టి ముందు వైరు, తర్వాత మూత.

పాతకీబోర్డు:
ఆ వరస బాగుంది, బ్యాగు మటుకు ఒప్పుకుంటున్నా. రిజిస్ట్రీ (విండోస్ లోపలి సెట్టింగుల పట్టిక) మార్చి ఎస్3 తెచ్చుకుందామనుకునేవాళ్లు మాత్రం ముందు పవర్‌సీఎఫ్‌జీ /ఏ (powercfg /a) కొట్టి, ఎస్3 కింద రాసిన కారణం చదవండి. ఫర్మ్‌వేర్‌లోనే (మెషీన్‌తో వచ్చే మూల సాఫ్ట్‌వేర్‌లోనే) లేదని ఉంటే దాని జోలికి పోకండి. ఎస్0 ఆగిపోతుంది, ఎస్3 రాదు, మెనూలో స్లీప్ అన్నదే మాయమవుతుంది.